నగలు లేని బొమ్మ

చనిపోయిన అమ్మ ముఖం మాకు రేషన్‌కార్డు మీదే మిగిలింది, అదీ సగం చెరిగింది. ఉప్పల్ బస్టాపులో పక్కన కూర్చున్న పెయింటర్ దాన్ని చూశాడు.

"పెద్ద బొమ్మ గీయొచ్చక్కా."

"గీస్తరు! నల్లగున్నామెను తెల్లగ జేసి, మెడల లేని బంగారం పెడ్తరు. ఎవరింట్ల జూసినా ఒక్కటే మొకం!"

ఆయన నవ్వి, సంచిలోంచి ఒక ఐర్లండ్ చిత్రకారుడి బొమ్మల పుస్తకం తీశాడు.

"ఈయన మనుషులతోని ముచ్చట పెట్టుకుంట గీసేటోడక్కా. ముడత గూడ ఇడిసిపెట్టకపోయేటోడు. మీ అమ్మ గిట్లనే కొట్లాడేదా?"

"నాకంటె మస్తు ఎక్కువ."

"అయితె ఆపకు, ఆ బొమ్మలోళ్లను తిట్టు. నీ మొకంల మీ అమ్మ కనబడ్తది."

నన్నూ కార్డునూ మార్చి మార్చి చూస్తూ పెన్సిల్ కదిలించాడు. నాచారం బస్సు వచ్చేదాకా తిట్టాను. కాగితం మీద కనుబొమ్మ ఎగరేసిన అమ్మ తేలింది. ఆయన పేరైనా అడగలేదు.

ఇంటికెళ్లి బొమ్మను గోడకు తగిలించాను. సాయంత్రం తమ్ముడు చెప్పులతోనే లోపలికొచ్చి, దాన్ని చూడగానే వెనక్కి నడిచి, చెప్పులు గడప బయట విడిచి వచ్చాడు.