శాంతమ్మగారిని కారు దింపాల్సి వచ్చింది

తొంభై ఎనిమిదిలో నేను విజయవాడలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని. వారానికో రోజు ఉయ్యూరులో క్యాంపు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు డ్రైవింగ్ పరీక్షలు అక్కడే పెట్టేవాళ్లం.

చెరుకు సీజన్లో ఒక క్యాంపుకి దేవదానం మాస్టారు పాత అంబాసిడర్‌తో, భార్య శాంతమ్మగారితో వచ్చారు. రిటైరయ్యాక ఆయన ఆదివారాలు మూడు ఊళ్లు తిరిగి ప్రార్థనలు జరిపిస్తున్నారు. ఆయన లైసెన్సు గడువు తీరి ఐదేళ్లు దాటింది. అలాంటప్పుడు రెన్యువల్ కుదరదు, మళ్లీ పరీక్షే. డాక్టరు సర్టిఫికెట్ ఉంది. గోడమీది అక్షరాలు గడగడా చదివారు.

నేను ముందు సీట్లో, ఆవిడ వెనక. కారు బాగానే నడుపుతున్నారు. కానీ, "ఏవండీ, ఎడం పక్క గేదె", "ఏవండీ, సైకిలు" అని ఆవిడ అన్నాకే ఆయన కాలు బ్రేకు మీదికి వెళుతోంది. సంసారం అలా చేస్తే ముచ్చటే గానీ డ్రైవింగ్ కుదరదు. కారు ఆపించి, కాసేపు దిగమని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ మొహం పాలిపోయింది.

ఫర్లాంగు వెళ్లామో లేదో, ఎడమ పక్క డొంక దారిలోంచి చెరుకు ట్రాక్టరు వచ్చింది. ఆయన చూడలేదు. నేనే స్టీరింగు లాగాను. కారు రోడ్డు దిగి ఆగింది.

"అది ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అన్నారు. నాకు జాలేసింది. మా అక్షరాల చార్టు ఎదర చూపునే కొలుస్తుంది. ఆయనకు పోయింది పక్క చూపు. అది తిరిగి రాదని తరవాత కంటి డాక్టరూ చెప్పారట.

కారు నేనే ఆవిడ దగ్గరికి వెనక్కి నడిపి, ఫెయిల్ అని రాశాను. "మరి ఆదివారం ప్రార్థనలండీ?" అని ఆవిడే అడిగారు. మీ చూపు బాగుంది కదమ్మా, మీరు నేర్చుకోండి అన్నాను, మాటవరసకి.

వేసవి దాటాక ఆవిడే పరీక్షకు వచ్చారు. విజయవాడ గవర్నర్‌పేటలో డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి నేర్చుకున్నారట. వెనక ఎక్కబోయిన మాస్టారిని ఈసారి మీరు బయటుండండి అన్నాను. నవ్వి పక్కకి తప్పుకున్నారు. ఆవిడ నెమ్మదిగా, పద్ధతిగా నడిపారు. పాస్ చేశాను. వెళ్లేటప్పుడు మాస్టారు అలవాటు కొద్దీ డ్రైవరు వైపు కుడి తలుపు తీశారు. ఒక్క క్షణం ఆగి, దాన్ని ఆవిడ కోసం పట్టుకున్నారు.

ఆ తరవాత పెద్దవాళ్లకు పరీక్ష పెట్టినప్పుడల్లా వెంట వచ్చినవాళ్లను దింపేసేవాణ్ణి. ఫెయిల్ చేస్తే, ఇకనుంచి మీ ఇంట్లో బండి ఎవరు నడుపుతారని కూడా అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న మా రూల్సులో లేదు.