జపాను తాత వీడియో కింద నా పప్పుచారు గొడవ

ఊళ్ళో పరువు పోగొట్టుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను లోకమంతటి ముందు పోగొట్టుకున్నాను, అదీ పళ్ళు తోముకుంటూ. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడు నేను ఒమన్‌లో, అల్ అమెరాత్‌లో టైల్స్ పని చేస్తున్నాను. పెళ్ళై రెండేళ్ళు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉన్న నా భార్య లావణ్య తొమ్మిది రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. తప్పు నాదే. "మా ఇంట్ల పప్పుచారు కంటె మన మెస్సుదే నయం" అని రూమ్‌లో గొప్పగా అన్నాను. వీడియో కాల్ కట్టయిందనుకున్నాను. కాలేదు.

ఇక ఆ జపాను తాత. ఒకప్పుడు పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడట. ఆయన గోల్స్ మాలో ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు పెరట్లో బంతి తన్ని, భార్య పూలకుండీ పగలగొట్టి, ఆమె ముందు నడుము దాకా వంగి క్షమాపణ అడిగే వీడియోలు పెడతాడు. లోకమంతా ఆయన వెంటే. ఆయన్ని నాకు మొదట చూపించింది లావణ్యే.

"గంత పెద్ద ఆటగాడే వంగుతుండు. పొద్దంత టైల్స్ మీద వంగేటోనివి, పెండ్లాం ముందర వంగితే నీకేమైతదిరా?" అన్నాడు మా రూమ్ పెద్ద రాజన్న.

మాట తగిలింది. మర్నాడు పొద్దున్నే తాత కొత్త వీడియో లావణ్యకు పంపుదామని ఒక చేత్తో బ్రష్, ఒక చేత్తో టైపింగ్. మీరైతే బ్రష్ పక్కన పెట్టేవారు. నాకంత తెలివెక్కడిది? వీడియో కింద ఖాళీ పెట్టె కనబడింది, రాసేశాను:

"లావణ్యా, తప్పయింది. మెస్ పప్పుచారు ఉత్త నీళ్ళు. నువ్వు మాట్లాడకపోతే బుక్క దిగుతలేదు. నిన్న ఏడ్సిన. రాజన్నకు చెప్పకు."

మధ్యాహ్నం సైట్‌లో రాజన్న ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"నిన్న ఏడ్సినవారా?"

"ఎవరు చెప్పిన్రే?"

"బ్రెజిలాయన."

నేను రాసింది లావణ్యకు కాదు, తాత వీడియోకు కామెంటుగా! చూసినవాళ్ళంతా ఎవరికి వారు తమ భాషలోకి మార్చుకుని చదివేశారు. బ్రెజిలాయన "క్షమించమ్మా లావణ్యా" అన్నాడు. ఈజిప్టు ఆవిడ పప్పుచారు ఎలా చేస్తారని అడిగింది. తాత స్వయంగా, "నేను ఈరోజూ వంగాను. నువ్వూ వంగు నాయనా" అని రాశాడు. గబగబా కామెంటు తీసేయబోయాను.

"ఆగురా, కింద జూడు" అని రాజన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

కింద లావణ్య: "సదివిన. తాత చెప్పినట్టు జెయ్యి. ఫోన్‌ల నేను జూడాలె."

నాతో మాట్లాడని ఆ తొమ్మిది రోజులూ తాతను మాత్రం చూస్తూనే ఉందన్నమాట! కాల్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. సైట్ మొత్తం చూస్తుండగా నడుము దాకా వంగాను. హెల్మెట్ ఊడి సిమెంటు బకెట్లో పడింది. లావణ్య పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వినేసరికి నాకు ఏడుపొచ్చింది. ఈసారి రాజన్న ఎదుటే ఏడ్చాను.

వారం తర్వాత, లావణ్య చెప్పినట్టు పప్పుచారు వండిన ఈజిప్టు ఆవిడ, అంత రుచి ఎన్నడూ ఎరగనని అక్కడే రాసింది. దాని కింద లావణ్య జవాబు: "జర మా ఆయనకు చెప్పున్రి."

ఆ రోజే తాపీ చేతబట్టి, రాజన్న సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఇంకొకరి పప్పుచారును పొగడను, కాల్ కట్టయిందో లేదో రెండుసార్లు చూసుకోకుండా.