నాయన చేతులు కడుక్కోని రోజు

నేను డిగ్రీ పాసయ్యాను! ఈ మాట మొన్నటి నుంచి బస్సు కండక్టరుకు, పాలావిడకు, కూరగాయల అంగడాయనకు కూడా చెప్పేశాను, మీకు చెప్పకుండా ఎలా ఉంటాను? మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని, అదీ ముప్పై ఏడేళ్ల వయసులో. ఆ సంబరంలోనే ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఆడపిల్లలు వేయించిన కోడిముక్కల డబ్బా ఒకటి తమకోసం తెప్పించుకుని నా ముందే మూత తీశారు. కాగి కాగి నల్లబడిన నూనె వాసన తగలగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను. నేను మాంసం ముట్టనని వాళ్లకు తెలుసు గానీ, ఎందుకు మానేశానో తెలియదు.

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, మరో ఇద్దరితో కలిసి సూళ్లూరుపేటలో గదిలో ఉన్న రోజులవి. చంద్రగిరి పక్కన మా పల్లెలో తిన్న సంగటి, గట్ల మీద ఏరిన నాలుగు రకాల ఆకులు కలిపి ఎనిపిన పుల్లగూర అంటే నాకప్పుడు చెప్పుకోలేనంత నామోషీ. చదువు ఇంటర్‌తో ఆగినా నాగరికతలో వెనకబడకూడదని, పని దిగగానే వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఎర్రటి కోడిముక్కలో, ఫ్రైడ్ రైసో తినేదాన్ని.

ఒక ఆదివారం నాయన నన్ను చూడడానికి క్యారియరు నిండా సంగటీ పుల్లగూరా పట్టుకుని వచ్చాడు. గదిలోవాళ్లు చూస్తారని ఆ క్యారియరును మంచం కిందికి తోసి, నాయనను బండి దగ్గరికి తీసుకుపోయాను. చేతులు కడుక్కోవడానికి బండి వెనక్కి వెళ్లిన మనిషి వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కడుక్కోలేదా అని కసిరాను.

"తువ్వాలకి తుడుసుకుంటినిలే పాపా."

పల్లెటూరి మనిషని లోలోపల విసుక్కున్నాను. ప్లేటులో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఎట్లా ఉందని అడిగితే, "బాగుండాది పాపా, కారం సరిపోయింది" అన్నాడు.

తిన్నాక చేయి కడుక్కుందామని నేనూ వెనక్కి పోయాను. అన్నాళ్లూ ముందు నిలబడి తిన్నానే గానీ ఆ వెనక ఎన్నడూ చూడలేదు. డ్రమ్ములో బూడిదరంగు నీళ్లు, పైన కొవ్వు తెట్టు, అందులోనే ముంచి తీస్తున్న ప్లేట్లు. నేల మీది బేసినులో రంగు పూసిన ముక్కల నిండా ఈగలు. వంట మాస్టరు చంకలు తుడుచుకున్న గుడ్డతోనే ప్లేటు తుడిచాడు. బాణలిని నాకుతున్న కుక్కను కాలితో తోసి, ఆ బాణలినే తీసుకుని, కడగనైనా కడగకుండా పొయ్యి మీద పెట్టి నూనె పోశాడు.

అప్పుడు తెలిసింది, నాయన చేతులు ఎందుకు కడుక్కోలేదో. ఇదంతా చూసి వచ్చి కూడా, కూతురు గొప్పగా పెట్టిందని మెతుకు మిగలకుండా తిన్నాడు.

మురుగుకాలువ పక్కన కూలబడి కక్కుతుంటే నాయన నా తల పట్టుకున్నాడు. ఆ బండి మీద అసహ్యం ఎంతో, నా మీద అంతకు రెండింతలు. గదికి వచ్చి, గదిలోవాళ్లిద్దరూ చూస్తుండగానే మంచం కింది క్యారియరు లాగి సంగటి ముద్ద పుల్లగూరలో అద్దుకున్నాను.

"నాక్కూడా ఓ ముద్ద పెట్టు పాపా, నోరేం బాగలేదు" అన్నాడు నాయన.

ఆనాటి నుంచి బండి తిండి మానేశాను. ఆ ఎర్రరంగు కళ్లలో మెదిలి, మెల్లగా మాంసమూ మానేశాను. "మా ఇంట్లో సామి ఎలిసినాడప్పా" అని నాయన ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు ఆయన లేడు. నా డిగ్రీ సంగతి ఆయనొక్కడికే చెప్పలేకపోయాను.

డబ్బా చూసి పారిపోయినందుకు పరిహారంగా నిన్న ఆ పిల్లలందరికీ నేనే వండి పెట్టాను. "ఏందక్కా, డిగ్రీ చేసి సంగటి పెడ్తావా!" అని నవ్వారు. మా గట్లన్నీ ప్లాట్లయిపోయాయి, పుల్లగూరకు పాలకూర, తోటకూరలతోనే సరిపెట్టాను. ఏ ఆకు ఏదో ఆ పిల్లలకు తెలియను కూడా తెలియదు. అందరిలోకి చిన్నపిల్ల ఒకతి ముద్దముద్దకూ నీళ్లు తాగుతూ, కంచం ఖాళీ చేసి, "బాగుండాదక్కా" అంది.

ఆ మాట అదే తీరులో నేను ఇదివరకే ఒకసారి, ఆ బండి బల్ల దగ్గర విన్నాను. రెండో ముద్ద వేయబోయి, ఆగిపోయాను.