గ్రేస్‌కు రాని కవిత

అబ్రహాం తొర్రూరులో ‘చెలక’ అనే చిన్న పత్రిక నడిపిన కవి. ప్రతులు సంచిలో వేసుకొని బస్టాండులో తానే అమ్మేవాడు. కాలేజీకి వెళ్లే కూతురు గ్రేస్, ఆయన ఎదురుపడితే ఎవరో అన్నట్టు ముఖం తిప్పుకొని బస్సెక్కేది. తరువాత మహబూబాబాద్‌లో నర్సు అయ్యింది. తండ్రి పత్రికను మాత్రం ఏనాడూ తెరవలేదు.

ఆయన పోయాక మిత్రులు సంస్మరణ సభ పెట్టారు. తండాల నుంచి కూడా జనం వచ్చారు. చాలామంది ఆయన కవితలను కాగితం చూడకుండానే వినిపించారు. నీలి అనే ముసలామె పాడే పాటలను అబ్రహాం తన పత్రికలో అచ్చువేసేవాడు. సభకు వచ్చిన ఆమె గ్రేస్‌ను మైకు దగ్గరికి పిలిచింది.

“బిడ్డా, మీ నాయినది నీకు నచ్చిన కైత ఒకటి చెప్పు.”

మైకు ముందు గ్రేస్‌కు ఒక్క వాక్యమూ నోటికి రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది దుఃఖమనుకొని జనం జాలిపడుతుంటే ఆమెకు మరింత సిగ్గేసింది.

“నాకు ఒక్కటి గూడ రాదు. నాయిన రాసినయి నేనెన్నడు చదువలే,” అన్నది.

నీలి లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

“అయితే ఇప్పుడు ఇను బిడ్డా,” అని ఒక కవిత ఎత్తుకుంది. జనమంతా గొంతు కలిపారు. గ్రేస్ తలెత్తలేకపోయింది. అయిపోయాక మెల్లగా, “ఇంకోపారి చెప్పవా అవ్వా,” అని అడిగింది.