రోమ్‌లో కూర్చున్నాను

రోమ్ వెళ్తున్నానని చెప్పగానే మలేషియాలో, మా ఇపో ఊళ్లో ఉండే ఆడపడుచు మూతి ముడిచింది.

"ఈ వయసులో తోటలు సూడ్డానికి అంత దూరమేటి వదినా? మనం పుట్టిందే ఎస్టేట్లో. సెట్లు సూడనేదా?"

చూశాను. సుంగై సుమున్ ఊరి దగ్గర మావాళ్లు కూలికి పనిచేసిన ఎస్టేట్లో దొర బంగళా ముందు పూలతోట, మధ్యలో చిన్న ఫౌంటెన్ ఉండేవి. ఫౌంటెన్ తొట్టెకు పట్టిన నాచును మా అమ్మ గోకి కడిగేది. పక్కనున్న బెంచీని కూడా తుడిచేది. దానిమీద కూర్చోవడం మాత్రం దొరవాళ్ల పని. దొర గానీ, కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ గానీ అల్లంత దూరాన కనిపిస్తే చాలు, పిల్లలం కూడా దిగ్గున లేచి నిలబడేవాళ్లం. అందుకే మా అమ్మాయి ఎక్కడికెళ్దామని అడిగితే ఫౌంటెన్లున్న ఊరికి తీసుకెళ్లమన్నాను. తనివితీరా కూర్చోవాలి, అంతే నా కోరిక.

రోమ్ ఎండ మన ఎండకేం తీసిపోదు, ఉక్కపోతే తక్కువ. అమ్మాయి నన్ను తీసుకెళ్లిన తోట ఒకప్పుడు ఎవరో పెద్దింటివాళ్లదట, ఇప్పుడు అందరిదీ. ఫౌంటెన్ ఎదురుగా, చెట్టు నీడలో రాతి బెంచీ మీద చెప్పులు విప్పి చతికిలబడ్డాను. గాలి వీచినప్పుడల్లా తుంపర మొహాన పడుతోంది. ప్రాణానికి హాయిగా ఉంది.

అంతలో యూనిఫాం వేసుకున్న కాపలాదారు అటుగా వచ్చాడు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను, కొంగు సర్దుకుంటూ. అతను నన్ను చూడనైనా లేదు.

"ఎందుకు లెగిసినావమ్మా?" అంది అమ్మాయి.

నా మోకాళ్ల మీద నాకే ఒళ్లు మండిపోయింది. దొర పోయాడు, ఎస్టేటు పోయింది, అమ్మా పోయింది. ఇవి ఇంకా ఎవరి కోసం లేస్తున్నాయి?

మళ్లీ కూర్చున్నాను. ఇంకా చూడాల్సినవి ఉన్నాయి పదమని అమ్మాయి అంటే కదల్లేదు.

"నువ్వెల్లి సూసి రా. ఆడు మల్లీ వచ్చేదాకా నానిక్కడే."

ఎండ వాలాక వచ్చాడు. మోకాళ్లు కదలబోయాయి. రెండు చేతులతో అదిమి పట్టాను. అతను తలూపాడు. నేనూ తలూపాను, కూర్చునే.

ఇపో తిరిగొచ్చాక ఆడపడుచు ఆరా తీసింది. "ఏటేటి సూసినావొదినా?"

"ఎక్కువేటీ సూడనేదు. కూకున్నాను."

"కూకోడానికా అంత దూరం?"

"అవును. మా యమ్మ తుడిసిన బెంచీ మీద మా యమ్మని కూకోనిచ్చుంటే, నానూ ఈడే కూకుందును."