వాగు మొగ దగ్గర మంచు

రిస్టెన్ నలభై ఏళ్లు నార్వే ఉత్తర కొసన ఫిన్‌మార్క్ కొండల్లో రెయిన్‌డీర్ మందల వెంట తిరిగిన మనిషి. మోకాలు మొరాయించాక మందను చెల్లెలికి అప్పగించి, రాత్రి ఆకాశంలో ఆడే ఉత్తరకాంతులు చూడటానికి మూడు రోజుల సెలవు మీద వచ్చే దక్షిణ నార్వే వాళ్లను గడ్డకట్టిన సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ఆ జనవరిలో స్టవాంగర్ నుంచి టోర్గైర్, గున్‌వోర్ అనే దంపతులు వచ్చారు. రెండు రోజులూ మబ్బే. మూడోనాడు సాయంత్రం ఐదింటికి ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంది.

గుడారంలో కాఫీ కాస్తున్న రిస్టెన్‌కు గున్‌వోర్ కేరింత వినిపించింది. నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఆకుపచ్చ వెలుగు ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదికి పాకుతోంది. ఒడ్డున గున్‌వోర్ ఒక్కతే ఉంది.

"మీ ఆయనేడీ?"

"అదిగో. ఫొటోకి చెట్లు అడ్డమొస్తున్నాయని అలా వెళ్లాడు."

రిస్టెన్ అటు చూసేసరికి అతను ఒడ్డు దాటి మంచు మీద నిలబడి ఉన్నాడు. వాగు వచ్చి సరస్సులో కలిసే మొగ అది. అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి కనుక ఎంత చలిలోనైనా అక్కడ మంచు గట్టిపడదు.

"టోర్గైర్! కదలకు! ఉన్నచోటే పడుకో!"

"ఏంటీ?" అంటూ అతను ఆమె వైపు ఒక అడుగు వేశాడు. గాజు పగిలినట్టు చప్పుడైంది. మనిషి చంకల దాకా దిగిపోయాడు.

పరుగెత్తబోయిన గున్‌వోర్‌ను రిస్టెన్ కోటు పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వూ పోయి పడితే ఇద్దర్ని లాగే ఓపిక నాకు లేదు! నా వెనకాల పడుకో. నా కాళ్లు పట్టుకో. వదిలావో, చంపేస్తా!"

ఒడ్డున నిలిపిన బండిలోంచి రెయిన్‌డీర్‌లను పట్టే ఉచ్చుతాడు అందుకుని, బోర్లా పడి పాక్కుంటూ పోయింది. పడుకుని తాడు విసరడం ఆమెకు అలవాటు లేదు. మొదటిసారి అతనికి అందలేదు. రెండోసారి భుజానికి తగిలి జారిపోయింది. అప్పటిదాకా అరుస్తున్న టోర్గైర్ గొంతు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే రిస్టెన్ ఎక్కువ భయపడింది.

"ఒరే టోర్గైర్! ఇటు చూడు! ఏడాది నిండని దూడ కూడా నీకన్నా గట్టిగా తన్నుకుంటుందిరా! కాళ్లాడించు!"

"నా... కెమెరా..."

"నీ కెమెరాని చేపలు చూసుకుంటాయి! చెయ్యెత్తు!"

ఎత్తాడు. ఈసారి ఉచ్చు తల మీదుగా చంక కిందికి పడింది. ఇద్దరాడవాళ్లూ జానెడు జానెడుగా లాగారు. పైకి వచ్చాక కూడా అతన్ని లేవనివ్వకుండా దొర్లించుకుంటూ ఒడ్డు చేర్చారు. గుడారంలో తడిబట్టలు కోసిపారేసి, తోళ్లలో చుట్టి, రిస్టెన్ అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. అది రావడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ గున్‌వోర్ భర్తను కావలించుకుని కూర్చుంటే, రిస్టెన్ అతనికి కునుకు పట్టనివ్వకుండా తిడుతూనే ఉంది.

ప్రాణం దక్కింది. కాలివేలు ఒకటి పోయింది. రిస్టెన్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు అతను తల దించుకున్నాడు.

"తప్పు నాదే. వాగు వైపు వెళ్లొద్దని బండిలో మీరు చెప్పారు, నేనే వినలేదు."

"వినలేదని నాకు తెలుసు. కెమెరా సర్దుకుంటుంటే చూశాను. అయినా మళ్లీ చెప్పలేదు."

ఆ నెలంతా ఆమె ఎవరినీ తీసుకెళ్లలేదు. గడకర్రతో మంచును పొడిచి చూస్తూ, వాగు మొగ చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతింది. ఫిబ్రవరిలో కొత్తవాళ్లు దిగగానే ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఆ కర్రల దాకా నడిపించింది.

"ఇక్కడిదాకానే. ఏదీ, చెప్పండి, ఎక్కడిదాకా?"

ఒకాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను జవాబు చెప్పేవరకూ చెయ్యి వదల్లేదు.