ద్వారబంధం మీద సుద్ద గుర్తు

దయ్యాలంటే నాకు నవ్వు. బొగ్గుగని సర్దార్ బిడ్డని నేను. నాన్న చీకటికి భయపడి ఉంటే మా ఇంట్లో పొయ్యి రాజేది కాదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యం కథ అనను. ఏమనాలో తెలియదు, అంతే.

మాది టేకులపల్లి. అందరికన్నా ముందు గనిలో దిగి, పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినడం నాన్న పని. గట్టిగా పలికితే భద్రమని, కప్పును మోసే దుంగ మీద సుద్దతో సున్నా చుట్టి, దాన్ని కోస్తూ ఒక వంకర గీత గీసేవాడు. ఆ గుర్తు లేని చోట ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. ఇంటి దగ్గరా అదే పిచ్చి. ఏ కిరాయి ఇంట్లో దిగినా ముందు నాన్న కర్ర, తర్వాతే మా సామాను.

నాన్న పోయిన మరుసటి ఏడాది ఆఫ్రికాలో, మొజాంబిక్‌లోని టేటే అనే బొగ్గు ఊళ్లో నాకు సర్వేయర్ ఉద్యోగం వచ్చింది. కంపెనీ క్వార్టర్ వద్దని, అక్కడివాళ్లుండే పేటలో గది తీసుకున్నాను. అమ్మ ఫోన్లోనే శోకాలు పెట్టింది.

"ఏందే నీ మొండితనం? తెల్వనోళ్ల నడుమ కిరాయికుంటవా? ఆడ నిన్ను జూసెటోళ్లెవలే?"

చూసేవాళ్లకేం తక్కువ లేదు. పక్కింటి మరియా మక్కపిండి సంకటి పంపేది. పొద్దుపోయి వస్తే మలుపులో కూరగాయలమ్మే ఆడవాళ్లు గుమ్మందాకా తోడొచ్చేవాళ్లు. తాళం వేయడం కూడా మర్చిపోయేదాన్ని.

వానలు మొదలైన కొత్తలో, ఒక ఉదయం తలుపు వేస్తూ పైకి చూశాను. ద్వారబంధం మీద సున్నా, వంకర గీత. వేలితో తాకితే తెల్లగా అంటింది. బయటికొచ్చి చూస్తే వీధిలో ప్రతి గుమ్మానికీ ఉంది. ఎవరు గీశారంటే అందరూ తెల్లమొహం వేశారు. మరియా ఇంటికీ ఉంది. వెనకాల ఆమె మట్టి వంటగదికి మాత్రం లేదు.

గుర్తు లేని చోట అడుగుపెట్టకూడదు. మరియా పిల్లలతో పగలంతా అందులోనే ఉంటుంది. వచ్చీరాని పోర్చుగీసులో బతిమాలాను, చేయి పట్టుకు లాగాను. నాకు మతి చలించిందని నవ్వుతూనే ఆమె పొయ్యినీ పిల్లల్నీ నా వరండాలోకి తెచ్చుకుంది. ఆ సాయంత్రం వానకు వంటగది గోడ లోపలికి కూలింది.

పొద్దున తీసిన గుర్తు ఫోటో అమ్మకు పంపాను. చూసి ఆమే ఫోన్ చేసింది.

"మీ నాయిన శెయ్యే బిడ్డా. అన్ని ఇండ్లకున్నదా?"

"అవ్."

"ఉంటది మరి. నువ్వొక్కదానివే బతికితే సాలా? షిఫ్టోళ్లందరు బయటికొస్తెనే గదా ఆయన ఇంటికొచ్చెటోడు."

మర్నాటికి వాన గుర్తులన్నీ కడిగేసింది. ఎవరు గీశారో ఇప్పటికీ చెప్పలేను. ఆ వీధిలో నువ్వెవరి బిడ్డవని ఎవరడిగినా, గొంతు పెంచి నాన్న పేరు చెబుతాను.